పక్షుల లెక్క ఊరికి చేరాలంటే: ప్రకృతి-విజ్ఞాన ప్రాజెక్టులో కమ్యూనికేషన్ పని చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

తేలినీలాపురం, ఉప్పలపాడు, నేలపట్టు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షులు గుంపులుగా గూళ్లు కట్టే ఈ మూడింటిలో ఏ ఊరి పేరు వార్తల్లోకి వచ్చినా వెనకే ఒక మాట వస్తుంది: "సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు." నిజానికి అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టేవాటిలో మన కళ్లకు ముందుగా ఆనేవి గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు). ఇవి సైబీరియా పక్షులు కావు, మన దక్షిణాసియావే. వానల్నీ, చెరువుల్లో చేపల్నీ చూసుకుని ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తిరుగుతుంటాయి. గూడు కట్టేది, గుడ్లు పెట్టేది, పిల్లల్ని ఎగరడం దాకా పెంచేది మన చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీదే. వాటికి ఇది పుట్టిల్లు.

ఈ తప్పు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. అతిథి ఈ ఏడాది రాకపోతే "దారి మారిందేమో" అనుకుని ఊరుకుంటాం. ఇంటి పిల్ల రాకపోతే ఏమైందో కనుక్కుంటాం. చెరువు ఎండిందా, చెట్లు కొట్టేశారా, చేపలు తగ్గాయా అని అడుగుతాం. ఒక్క మాట తేడాతో ఊరు అడిగే ప్రశ్నే మారిపోతుంది. కమ్యూనికేషన్ పని అంటే పోస్టర్లు, రీల్స్ అనుకుని వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ సైబీరియా సంగతే.

పక్షుల లెక్కింపు, చెట్ల పూతకాలం నమోదు, సముద్ర తాబేళ్ల గూళ్ల రక్షణ, సీతాకోకచిలుకల సర్వే లాంటి ప్రాజెక్టుల్లో మామూలు జనం కూడా శాస్త్రవేత్తలతో కలిసి సమాచారం పోగుచేస్తారు. అలాంటి ప్రాజెక్టులో కమ్యూనికేషన్ బాధ్యత తీసుకున్నవాళ్లు ఏం చేయాలో వరసగా చెబుతాను. ఎక్కువగా పక్షుల లెక్కనే ఉదాహరణగా తీసుకుంటాను, నాకు బాగా తెలిసిన పని అదే కాబట్టి.

మొదటి అడుగు: రాయకముందు నడవండి

చేరిన వారంలోనే పోస్టర్ డిజైన్ చేయమంటారు. కాస్త ఆగమని అడగండి. ముందు లెక్క తీసే బృందంతో కనీసం నాలుగైదు సార్లు ఫీల్డ్‌కి వెళ్లండి. పొద్దున ఐదున్నరకే లేచి, మంచులో చెరువు గట్టు మీద నిలబడి, లెక్క ఎలా తీస్తున్నారో చూడండి. ఒకరు బైనాక్యులర్స్‌లో చూస్తూ చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది ఉన్నారు అన్నది కూడా రాస్తారు. ఇదంతా ఎందుకు రాస్తున్నారో అడగండి. తర్వాత ఆరు నెలలు మీరు జనానికి చెప్పాల్సింది ఆ "ఎందుకు" గురించే.

మీ నోట్‌బుక్ మొదటి పేజీలో మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ఈ ప్రాజెక్టు ఏ ఒక్క సంగతి తెలుసుకోవాలనుకుంటోంది? అందుకు జనం సాయం ఎందుకు కావాలి? వచ్చిన సమాచారంతో ఏం చేస్తారు? ఒక్కో జవాబు రెండు వాక్యాలు దాటకూడదు. దాటిందంటే విషయం మీకింకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. మళ్లీ శాస్త్రవేత్త దగ్గరికి వెళ్లి అడగండి. వాళ్లు విసుక్కోరు. తమ పని గురించి ఓపిగ్గా అడిగేవాళ్లంటే చాలామంది శాస్త్రవేత్తలకు ఇష్టమే.

"లెక్కలు ఎక్కడికి పోతాయి?" అని ప్రతి ఊళ్లో అడుగుతారు. దానికి మన దేశంలోనే మంచి జవాబుంది. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదికకు ఆధారం సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనలు. అందులో 942 జాతుల పరిస్థితిని అంచనా వేసి, 178 జాతుల్ని వెంటనే పట్టించుకోవాల్సినవిగా గుర్తించారు. ఆ 30 వేల మందిలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, కాలేజీ పిల్లలున్నారు. జీతం తీసుకుని లెక్కపెట్టినవాళ్లు చాలా తక్కువ. ఈ సంగతి చెప్పినప్పుడు వినేవాళ్ల ముఖాలు గమనించండి. "అయితే మేం రాసింది కూడా పనికొస్తుందా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు.

రెండో అడుగు: "ప్రజలు" అన్న మాటను విడదీయండి

"ప్రజల్లో అవగాహన కల్పించడం" అని ప్రాజెక్టు కాగితాల్లో రాస్తారు. ఆ ప్రజలు ఎవరు? ఒక చెరువు తీసుకుంటే, నీళ్లు వాడుకునే రైతులు, చేపల పాట పాడుకున్నవాళ్లు, గేదెలు తోలుకొచ్చేవాళ్లు, పక్కనున్న స్కూలు టీచర్లు, అటవీశాఖ బీట్ ఆఫీసరు, సర్పంచ్, మండల విలేకరి, ఆదివారం కెమెరాలతో వచ్చే పట్నం కుర్రాళ్లు. వీళ్లందరికీ ఒకే పోస్టర్ పనికిరాదు. ఒక్కొక్కరితో మాట్లాడి, వాళ్లకు ఆ చెరువుతో ఉన్న లావాదేవీ ఏమిటో పక్కనే రాసుకోండి.

నేలపట్టు దగ్గర రైతులకు పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎంత బలమో తరాలుగా తెలుసు. అక్కడ పక్షిని కాపాడమని ఉపన్యాసం చెప్పాల్సిన పనే లేదు. కొల్లేరులో పరిస్థితి వేరు. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల్ని ప్రభుత్వం కొట్టేయించింది. ఆ గట్లు తెగిన రోజులు అక్కడి కుటుంబాలకు ఇప్పటికీ గుర్తే. అక్కడికి జీపులో దిగి, మెడలో కెమెరా, చేతిలో ఫారం పట్టుకుని "సర్వేకి వచ్చాం" అన్నారంటే మీతో ఎవరూ మాట్లాడరు. సర్వే అన్న మాటకు అక్కడ ఉన్న అర్థం వేరు. "గూడబాతులు ఈసారి ఎన్ని వచ్చాయో చూడ్డానికి వచ్చాం, భూమి కొలతలతో మాకు సంబంధం లేదు" అని మొదటి మాటగానే చెప్పాలి. అది నిజం కూడా అయ్యుండాలి. మీ ప్రాజెక్టు సమాచారం రేపు ఎవరి చేతికి వెళుతుందో ముందే కనుక్కోండి. తెలియకుండా మాట ఇవ్వకండి.

మూడో అడుగు: పేర్ల పట్టీ

ఈ పనిలో నేను అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టమనేది దీనికే.

కడప జిల్లా లంకమల అడవుల కథ వినండి. జెర్డాన్స్ కోర్సర్ అని ఇంగ్లిష్ పుస్తకాల్లో ఉన్న ఒక పక్షి 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ అడవుల్లో పిట్టలు పట్టేవాళ్ల సాయం తీసుకుని దాన్ని కనుక్కున్నారు. అది రాత్రిపూట తిరిగే పక్షి. పగలు వెతికితే ఎలా కనపడుతుంది? అక్కడి జనానికి అది కొత్తదేం కాదు. దానికి వాళ్ల పేరు కూడా ఉంది: కలివికోడి. కలివి పొదల మధ్య తిరిగేది కాబట్టి ఆ పేరు. శాస్త్రం లెక్కలో అది కోడి జాతి కాకపోవచ్చు. కానీ ఆ పేరులోనే అది ఎక్కడుంటుందో ఉంది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది దానికోసమే.

అందుకే పేర్లు పోగుచెయ్యండి. ఒక పెద్ద నోట్‌బుక్ తీసుకుని ప్రతి పక్షికీ ఒక పేజీ ఇవ్వండి. పుస్తకం పేరు ఒకవైపు, ఊళ్లో వినిపించిన పేర్లన్నీ ఇంకోవైపు, ఏ ఊళ్లో ఎవరు (పేరు అక్కర్లేదు, "గొర్రెల కాపరి, అరవై దాటిన మనిషి" అంటే చాలు) చెప్పారో కింద. లకుముకి పిట్ట, జెముడుకాకి, గిజిగాడు, నీటికాకి, వడ్రంగిపిట్ట లాంటివి చాలాచోట్ల తెలుసు. కొన్ని పేర్లు జిల్లా దాటితే మారిపోతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే కొంగ ఒకటుంది, నత్తల్ని తింటుంది. దాన్ని నత్తగుల్ల కొంగ అంటే రైతు చటుక్కున గుర్తుపడతాడు. ఇంగ్లిష్ పేరును తెలుగులోకి మాటకు మాట మార్చి "తెరచిన ముక్కు కొంగ" అని పోస్టర్ మీద వేస్తే "ఇదేం కొంగ?" అని అడుగుతాడు.

ఒక జాగ్రత్త. ఒకే పేరు రెండు మూడు పక్షులకు వాడుతుంటారు. తెల్లగా కనపడే ప్రతిదీ కొంగే. అందుకని పేరు విన్న వెంటనే రాసేసుకోకుండా ఫోటో చూపించి, ఇంకో రెండు అటూ ఇటూ పోలిన ఫోటోలు కూడా పక్కన పెట్టి "వీటిలో ఏది?" అని అడగండి. అరుపు వినిపించండి. ఫోన్లో కూత వినగానే "ఇదా!" అనేవాళ్లు ఎంతమందో.

గట్టు మీద ఇలా అడిగినప్పటి ఒక సంభాషణ నాకు బాగా గుర్తు.

"ఈ ఎర్రకాళ్లవి ఎప్పుడొస్తాయి బాబాయ్?"

"దసరా పోనీమ్మా. పుల్లలు ముక్కున కరుచుకుని తిరుగుతుంటాయి, అప్పుడు తెలుస్తది."

"సంక్రాంతికి?"

"సంక్రాంతికి పిల్లలుంటాయి. అరుపులకి నిద్రుండదు. మా ఆవిడ తిడతా ఉంటది."

"మరి ఎవరూ తోలెయ్యరా?"

"తోలితే ఇంకేముందమ్మా ఊళ్లో? మా అబ్బాయిలు హైదరాబాద్‌లో. ఇవన్నా ఉంటాయి."

ఈ నాలుగు మాటల్లో గూడు కట్టే కాలం, పిల్లలు పెరిగే కాలం, ఊరి ఓర్పు మూడూ ఉన్నాయి. పెద్దవాళ్లు నెలలు చెప్పరు, పండగలు చెబుతారు. పండగ తేదీలు ఏటా అటూ ఇటూ అవుతాయి కాబట్టి "అప్పటికి వరి ఏ దశలో ఉంటుంది? చెరువులో నీళ్లు ఎంతుంటాయి?" అని కూడా అడిగి రాసుకోండి. ఈ నోట్స్‌ని శాస్త్రవేత్తలకు ఇవ్వండి. ఊరి మాటను శాస్త్రం దగ్గరికి తీసుకెళ్లడం కూడా మీ పనే. అది మర్చిపోయినవాళ్లు మైకు పట్టుకుని మాట్లాడటం దగ్గరే ఆగిపోతారు.

నమ్మకాల విషయం కూడా ఇక్కడే చెబుతాను. తీతువు అరిస్తే కీడు అని చాలా ఊళ్లలో భయం. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే ఎదుటి మనిషి నోరు మూసుకుంటాడు, నమ్మకం మాత్రం అలాగే ఉంటుంది. తీతువు నేల మీదే గుడ్లు పెడుతుంది. రాత్రి కుక్కో, పామో, మనిషో గుడ్ల వైపు వస్తే గోల పెట్టి తరమడానికి చూస్తుంది. "తీతువు అరిచిందంటే చీకట్లో ఏదో కదులుతోందన్నమాట, పెద్దవాళ్లు జాగ్రత్తపడింది అందుకేనేమో" అని చెప్పి చూడండి. అప్పుడు వాళ్లే తాము చూసిన గుడ్ల గురించి చెప్పడం మొదలుపెడతారు.

నాలుగో అడుగు: పిలుపు రాయడం

జనాన్ని లెక్కకు పిలిచే మెసేజ్ సాధారణంగా ఇలా వస్తుంది:

"జీవవైవిధ్య పరిరక్షణలో భాగంగా నిర్వహించు పక్షి గణన కార్యక్రమంలో ప్రకృతి ప్రేమికులందరూ విరివిగా పాల్గొని జయప్రదం చేయవలసిందిగా కోరుచున్నాము."

ఇది చదివిన మనిషికి ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో, వచ్చి ఏం చేయాలో తెలియదు. తాను "ప్రకృతి ప్రేమికుడు" అవునో కాదో కూడా తెలియదు. దాన్ని ఇలా మార్చండి:

"శనివారం పొద్దున 6:30కి చెరువు గట్టు మీద రావిచెట్టు దగ్గర కలుద్దాం. అరగంట సేపు కనిపించిన పక్షులన్నీ లెక్కపెడదాం. పేర్లు తెలియకపోయినా పర్వాలేదు, పక్కనే చెప్పేవాళ్లుంటారు. బైనాక్యులర్స్ మేమే తెస్తాం. మీరు పెన్ను, నోట్‌బుక్, మంచినీళ్లు తెచ్చుకోండి. 8 గంటలకల్లా ఇంటికెళ్లిపోవచ్చు. వచ్చేవాళ్లు కింద మీ పేరు పెట్టండి."

ఇందులో ముఖ్యమైన వాక్యం మూడోది కాదు, ఐదోదీ కాదు. "8 గంటలకల్లా ఇంటికెళ్లిపోవచ్చు" అన్నదే. ఇంటిపని ఉన్న అక్కలు, డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు వస్తారా రారా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆడవాళ్లు రావాలంటే గట్టు దగ్గర బాత్రూమ్ సౌకర్యం ఎక్కడుందో కూడా ముందే చూసి మెసేజ్‌లో పెట్టండి. దీని గురించి ఎవరూ నోరు తెరిచి అడగరు, రాకుండా ఊరుకుంటారు.

వాట్సాప్‌లో పొడుగాటి పీడీఎఫ్‌లు పంపకండి. ఒక ఫోటో, ఆరేడు లైన్లు చాలు. చదవడం ఇబ్బందైనవాళ్ల కోసం అదే విషయం నిమిషం లోపు వాయిస్‌లో చెప్పి పంపండి. ఆ గొంతు మీ ఆఫీసుదయ్యేకంటే ఆ ఊరి టీచరమ్మదో, అంగన్‌వాడీ అక్కదో అయితే మంచిది.

మొదటిసారి చేసేవాళ్లకు ఫిబ్రవరి మంచి సమయం. ఏటా ఆ నెల మధ్యలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ప్రపంచమంతా జరుగుతుంది. కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి 1998లో దీన్ని ఉత్తర అమెరికాలో మొదలుపెట్టాయి. 2013లో అన్ని దేశాలకూ తెరిచారు, అప్పటి నుంచి మన దగ్గరా జరుగుతోంది. కనీసం 15 నిమిషాలు చూసి, గుర్తుపట్టిన పక్షులన్నీ ఈబర్డ్ యాప్‌లో నమోదు చేస్తే చాలు. కాలేజీల కోసం అదే రోజుల్లో క్యాంపస్ లెక్కింపు కూడా ఉంటుంది. పరీక్షల టెన్షన్ మొదలయ్యే కాలం కాబట్టి ప్రిన్సిపాల్స్‌తో జనవరిలోనే మాట్లాడి పెట్టుకోండి.

ఐదో అడుగు: అంకెలతో జాగ్రత్త

పోయినేడాది ముగ్గురు మనుషులు గంటసేపు చూసి 200 పక్షులు రాశారనుకోండి. ఈ ఏడాది ముప్ఫైమంది నాలుగు గంటలు చూసి 900 రాశారు. "పక్షులు నాలుగున్నర రెట్లయ్యాయి" అని రాయొచ్చా? రాయకూడదు. చూసిన కళ్లు పెరిగాయి, చూసిన సమయం పెరిగింది, ఒకే గుంపును ఇద్దరు లెక్కపెట్టి ఉండొచ్చు. సరిపోల్చదగ్గ లెక్కల్నే సరిపోల్చాలి. ఈ మాటను శాస్త్రవేత్తలు వాళ్ల భాషలో చెబుతారు. మీరు "పోయిన సంక్రాంతికి ఇద్దరం గాలిపటాలు లెక్కపెట్టాం, ఈసారి వీధంతా లెక్కపెట్టింది, అంతమాత్రాన గాలిపటాలు పెరిగినట్టా?" అని చెబితే స్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది.

కనిపించలేదు అంటే లేదు అని కాదు. ఇది ఇంకో మాట. అలాగే, ఏమీ కనిపించని రోజు రాసిన లెక్క కూడా లెక్కే. "ఈరోజు చెరువులో ఒక్క బాతూ లేదు" అన్నది చాలా విలువైన సమాచారం. పాల్గొన్నవాళ్లు నిరుత్సాహపడి ఖాళీ ఫారం చించేయకుండా చూడాల్సింది మీరే. ముందురోజే చెప్పి ఉంచండి.

పిచ్చుకల సంగతి చూడండి. ఏటా మార్చి 20, ప్రపంచ పిచ్చుకల దినం వచ్చేసరికి "సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోతున్నాయి" అన్న మెసేజ్ ప్రతి గ్రూపులోనూ తిరుగుతుంది. 2020లో వచ్చిన పక్షుల స్థితిగతుల నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా ఇంచుమించు నిలకడగానే ఉంది. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గింది. టవర్ల రేడియేషనే కారణమనడానికి గట్టి ఆధారం దొరకలేదు. పిల్లలకు పెట్టడానికి పురుగులు దొరక్కపోవడం, కొత్త కట్టడాల్లో గూటికి సందు లేకపోవడం లాంటివి శాస్త్రవేత్తలు చెప్పే కారణాలు. ఇది విన్నవాళ్లు "మరి మా వీధిలో లేవు కదా!" అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే, నగరాల్లో తగ్గాయి కాబట్టి. "మీ వీధి లెక్క రాయండి, అదే మాకు కావాలి" అని అక్కడే ఫారం చేతికివ్వండి. వాదన గెలవడం కంటే ఒక లెక్క సంపాదించడం మేలు.

ఆరో అడుగు: విలేకరులతో

మండల విలేకరికి రోజుకు నాలుగైదు వార్తలు పంపాల్సిన ఒత్తిడి ఉంటుంది. మీ పక్షుల వార్త అందులో ఒకటి. ఆయన అడిగే ప్రశ్నలు మూడు: ఎన్ని వచ్చాయి, పోయినసారి కంటే ఎక్కువా తక్కువా, ఏ దేశం నుంచి వచ్చాయి. వీటికి జవాబులు ముందే ఒక పేజీలో రాసి, రెండు మంచి ఫోటోలతో మధ్యాహ్నం మూడు లోపు ఇచ్చేయండి. సాయంత్రం ఆరుకు ఫోన్ చేస్తే ఎవరూ వినరు. మూడో ప్రశ్నకు జవాబుగా "ఇవి మన పక్షులే" అన్న వాక్యాన్ని మొదటి పేరాలోనే పెట్టండి. చివర్లో పెడితే స్థలం లేక తీసేస్తారు.

నేను ఒకసారి ఇలా చెప్పకుండా వదిలేశాను. వివరమంతా ఫోన్లో చెప్పాను కదా అనుకున్నాను. మర్నాడు ఒక పత్రికలో "సైబీరియా కొంగల సందడి" అని నాలుగు కాలమ్‌ల వార్త వచ్చింది, కింద మా ప్రాజెక్టు పేరుతో సహా. ఊళ్లో అందరూ సంతోషంగా ఆ పేపర్ నాకు తెచ్చి చూపించారు. ఆ వార్త కత్తిరించి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. దాన్ని సరిచేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి కాగితం మీద రాసి ఇవ్వకుండా ఏ విలేకరితోనూ మాట్లాడలేదు.

తప్పు వస్తే ఎడిటర్‌కి ఫిర్యాదు చేయడం ఆఖరి మాటగా ఉంచుకోండి. ముందు రాసినాయనకే ఫోన్ చేసి "అన్నా, వార్త బాగా వచ్చింది, ఒక్క విషయం వచ్చేసారి ఇలా రాద్దాం" అనండి. వచ్చేసారి ఆయనే మీకు ముందుగా ఫోన్ చేస్తాడు. విలేకరుల్ని లెక్కింపుకు కూడా పిలవండి. టెలిస్కోప్‌లో గూటిలోని పిల్లను ఒకసారి చూసినవాళ్లు మామూలు వార్తలా రాయలేరు.

నిజంగా దూరం నుంచి వచ్చే పక్షులూ ఉన్నాయి, వాటి కథలు చెప్పండి. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చే పట్టీతల బాతులు మన చెరువుల దాకా వస్తాయి. అముర్ డేగల కథ అయితే కమ్యూనికేషన్ పని చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో ఈ డేగల్ని వలలు వేసి వేలల్లో చంపుతున్నారని బయటపడింది. మరుసటి సీజన్‌కల్లా, అంటే 2013లో, అక్కడి ఊళ్లు వేట ఆపేశాయి. ఊరి పెద్దలు, చర్చి, స్థానిక సంస్థలు, అటవీశాఖ కలిసి ఆ ఒప్పందానికి వచ్చారు. అదే ఏడాది మూడు డేగలకు ఉపగ్రహ ట్యాగులు వేసినప్పుడు వాటికి నాగా, పాంగ్టి, వోఖా అని పేర్లు పెట్టారు. పాంగ్టి ఆ ఊరి పేరు, వోఖా ఆ జిల్లా పేరు. తమ ఊరి పేరున్న పక్షి అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా వెళుతుంటే ఆ ఊరు ఊరుకుంటుందా?

ఏడో అడుగు: చూపించకూడనివి

ఫోటోల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ, రాజీపడను. గూటిలో గుడ్ల దగ్గరికి వెళ్లి తీసిన ఫోటో ఎంత బాగున్నా వాడను. అది చూసి ఇంకో పదిమంది వెళతారు, తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు పాడవుతాయి. పిల్ల పక్షిని చేత్తో పట్టుకున్న ఫోటో, కూతలు వినిపించి రప్పించి తీసిన ఫోటో కూడా వద్దు.

చోటు పేరు చెప్పడంలో ఇంకా జాగ్రత్త. కలివికోడి, బట్టమేక పిట్ట, అలుగు, దేవాంగపిల్లి, నక్షత్ర తాబేలు లాంటివి ఎక్కడ కనిపించాయో ఊరి పేరుతో పోస్ట్ చేయకండి. వేటగాళ్లు, అక్రమ రవాణా చేసేవాళ్లు కూడా మీ పేజీ చూస్తారు. ఈబర్డ్ కూడా ఇలాంటి సున్నితమైన జాతుల చోటును అందరికీ చూపించదు. మీ ఫోటోలో ఫోన్ దానంతటదే లొకేషన్ నింపుతుంది, పంపేముందు అది తీసేయండి. వెనకాల కనిపించే గుడి గోపురం, వాటర్ ట్యాంక్ మీది ఊరి పేరు కూడా చోటు చెప్పేస్తాయి.

పిల్లల ఫోటోలకు స్కూలు అనుమతి చాలదు, తల్లిదండ్రుల్ని అడగాలి. పెద్దవాళ్లనైనా "ఇది ఎక్కడ వేస్తామంటే" అని చెప్పి, వీలైతే ఫోన్లో ఫోటో చూపించి అడగండి.

ఎనిమిదో అడుగు: కష్టమైన రోజులు

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. సరిగ్గా లెక్కింపు రోజుల ముందు. అలాంటప్పుడు "పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకురావచ్చా?" అన్న ప్రశ్నకు మీరు మౌనంగా ఉంటే, పక్షుల గూళ్లున్న చెట్లు కొట్టేయాలనే మాట ఎవరో లేపుతారు. ఆ రోజే, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి: దూరం నుంచి చూడండి, చచ్చిన పక్షిని ముట్టుకోకండి, గుంపుగా చనిపోయి కనిపిస్తే వెంటనే పశువైద్యశాలకు, అటవీశాఖకు చెప్పండి. అనుమానముంటే కార్యక్రమం వాయిదా వేయండి. ఏ మాటైనా పశుసంవర్ధక శాఖ చెప్పినదానికి అనుగుణంగా ఉండాలి, మీ సొంత ఊహలు కలపకూడదు.

ఇలాంటి రోజుకోసం ముందే ఒక కాగితం సిద్ధం చేసుకోండి: ఎవరు మాట్లాడాలి, ఎవరిని అడగాలి, ఏ నంబర్లకు ఫోన్ చేయాలి. గొడవ మొదలయ్యాక నంబర్లు వెతుక్కునే టైమ్ ఉండదు.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు

జర్నలిజమో, జంతుశాస్త్రమో చదివి ఉండాలని లేదు. అయితే ఉద్యోగం అడగడానికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల కంటే బలంగా పనిచేసేవి మీరు చేసిన పనులే. మీ వీధి చెట్టును ఏడాది పాటు వారం వారం గమనించి రాసిన నోట్స్, ఈబర్డ్‌లో మీరు నమోదు చేసిన లెక్కలు, ఒక శాస్త్ర పత్రాన్ని మీ అమ్మకు అర్థమయ్యేలా 300 పదాల్లో రాసిన తెలుగు వ్యాసం, ఒక నిమిషం ఆడియో. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం రావాలి, శాస్త్రమంతా అందులోనే ఉంది. తెలుగు బాగా రాసేవాళ్లు ఈ రంగంలో తక్కువ, అందుకే మీ తెలుగుకు ఇక్కడ విలువ ఎక్కువ. ఎడిటింగ్, డిజైన్ సాఫ్ట్‌వేర్లు నెలలో నేర్చుకోవచ్చు. గట్టు మీద కూర్చుని పెద్దాయన మాట పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డుపడకుండా వినడానికి మాత్రం చాలాకాలం పడుతుంది.

ఆఖరి అడుగు: లెక్కను తిరిగి ఇవ్వడం

చాలా ప్రాజెక్టులు ఇక్కడే తప్పు చేస్తాయి. జనం లెక్క ఇస్తారు, నివేదిక ఇంగ్లిష్‌లో ఢిల్లీలోనో బెంగళూరులోనో విడుదలవుతుంది, ఊరికి ఏమీ రాదు. రెండో ఏడాది పిలిస్తే సగం మంది రారు. ఎందుకొస్తారు?

లెక్క అయిన రెండు వారాల్లోపు ఊరికి వెళ్లండి. పెద్ద చార్టు మీద చెరువు బొమ్మ గీసి, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లో, ఎన్ని రకాల పక్షులో, ఊళ్లో పిలిచే పేర్లతో రాయండి. అంకెలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత పెద్దగా ఉండాలి. లెక్కలో పాల్గొన్నవాళ్ల పేర్లు, వాళ్లు సరేనంటే, కింద రాయండి. సంవత్సరాల వారీగా గడులు గీసి, వచ్చే ఏడాదివి ఖాళీగా వదలండి. పంచాయతీ ఆఫీసులో, స్కూల్లో, టీ కొట్టు దగ్గర మూడు చోట్ల పెట్టండి. అసలు నివేదిక వచ్చాక అందులో ఆ ఊరి సమాచారం ఏ పేజీలో ఎలా కలిసిందో చూపించడానికి మళ్లీ వెళ్లండి.

అస్సాంలో వన్యప్రాణి శాస్త్రవేత్త పూర్ణిమా దేవి బర్మన్ హర్గిలా కొంగల కోసం ఊరి ఆడవాళ్లతో పనిచేసినప్పుడు ఆ పక్షికి శ్రీమంతం వేడుక చేయించారు, మగ్గం మీద దాని బొమ్మ నేయించారు. అది వాళ్ల సంప్రదాయంలోంచి పుట్టింది. మన ఊళ్లో ఏది నప్పుతుందో మన ఊరివాళ్లనే అడగాలి. నేను పనిచేసిన ఒక ఊళ్లో స్కూలు పిల్లలు సంక్రాంతి ముగ్గుల పోటీలో గొబ్బెమ్మల మధ్య ఎర్రకాళ్ల కొంగను వేశారు. కాళ్లకు కుంకుమ అద్దారు. పక్కన సుద్దముక్కతో ఆ ఏడాది గూళ్ల లెక్క రాశారు, దాని కింద "మన ఊరి కొంగలు" అని.